చేపలో, చెక్కలో, పొగలో: ఫార్మాల్డిహైడ్ మీద మీ ప్రశ్నలు

ఈ నెల డెల్టా ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే పదార్థం చుట్టూ తిరిగాయి. ఫార్మాల్డిహైడ్ అంటే ముక్కుకీ కళ్లకీ ఘాటుగా తగిలే ఒక వాయువు. దాన్ని నీళ్లలో కరిగిస్తే ఫార్మలిన్. దుకాణంలో అమ్మే ఫార్మలిన్‌లో బరువు లెక్కన సుమారు 37 శాతం ఫార్మాల్డిహైడ్, అది తెల్లగా పేరుకుపోకుండా 10 నుంచి 15 శాతం మెథనాల్, మిగతాది నీళ్లు. ఈ రెండు పేర్లనూ ఒకదాని బదులు ఒకటి వాడేయడం వల్ల లెక్కలన్నీ తప్పుతాయి. జవాబుల్లో ఎక్కడ ఏ పేరు రాశామో గమనించి చదవండి.

ప్రశ్న: సంతలో కొన్న సముద్రపు చేప రాయిలా గట్టిగా ఉంది. ఒక్క ఈగ కూడా వాలలేదు. ఫార్మలిన్ పట్టించారని మా అత్తగారు అంటారు. చేపలో అది పుట్టుకతోనే ఉంటుందని మావారు అంటారు. ఎవరి మాట నిజం?
– గృహిణి, అమలాపురం

జవాబు: ఇద్దరి మాటా నిజమే గానీ ఒకే చేప విషయంలో కాదండి. సముద్రపు చేపల కండలో ట్రైమెథైలమిన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. ఉప్పునీటిలో ఒంట్లోని నీటిని నిలబెట్టుకోవడానికి వాటికి అది కావాలి. చేప చచ్చాక కండలోనే ఉన్న ఒక ఎంజైము దాన్ని డైమెథైలమిన్, ఫార్మాల్డిహైడ్ అని రెండుగా విరుస్తుంది. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి గడ్డకట్టి ఉన్నప్పుడూ ఈ పని నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. బాంబే డక్ అనే మెత్తటి చేపలో ఎవరూ ఏమీ కలపకుండానే కిలోకు 100 మిల్లీగ్రాములు దాటిన నమూనాలు ఉన్నాయి. పీతలు, రొయ్యల జాతిలోనూ కొన్నిటికి ఇది ఎక్కువే. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి, కొర్రమీను సంగతి వేరు. మంచినీటి చేపలో ఆ ముడిసరుకు ఉండీలేనట్టే. అందుకని చెరువు చేప మీద పరీక్ష ముదురు రంగు చూపితే అది పైనుంచి వచ్చిందనే అనుకోవాలి. సముద్రపు చేపలో లేతగా రంగు తేలితే మాత్రం వెంటనే అమ్మినామె మీద విరుచుకుపడకండి.

ఇక చేత్తో చూసే పద్ధతి. ఫార్మలిన్ కండకు చేసే పని తోలు పదును చేయడం లాంటిది. ప్రొటీన్ పోగులను ఒకదానికొకటి కుట్టేస్తుంది. వీపు పక్కన కండ దళసరిగా ఉన్నచోట బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. తాజా చేపకు నొక్కు పడి వెంటనే పూడుతుంది, వేలికి పల్చటి జిగురు అంటుతుంది. పాతబడిన చేపకు గుంట అలాగే నిలిచిపోతుంది. ఫార్మలిన్ తగిలినదానికి నొక్కే పడదు, రబ్బరు చెప్పును నొక్కినట్టు ఉంటుంది. జిగురు ఉండదు, పొలుసులు పొడిబారి ఉంటాయి. ఇంతకన్నా మంచి గుర్తు ఇంకొకటి ఉంది. కళ్లు, మొప్పలు, కండ ఈ మూడూ చేప వయసు ఒకటే చెప్పాలి. కళ్లు లోపలికి పోయి, మొప్పలు గోధుమరంగుకు తిరిగి, కండ మాత్రం బిర్రుగా ఉండి, నీచు వాసన కూడా లేదంటే ఆ చేపను వదిలేయండి. ఈగల పరీక్షకు విలువ లేదు. ఐసు మీద చల్లగా ఉన్న మంచి చేప మీద కూడా అవి పెద్దగా వాలవు.

గట్టిగా తేల్చుకోవాలంటే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన కాగితపు పట్టీలు ఉన్నాయి. పట్టీని చేప చర్మం మీద రుద్ది, ఇచ్చిన ద్రావకం చుక్క వేసి, తేలిన రంగును చార్టుతో సరిచూడాలి. నిమిషాల్లో తేలిపోతుంది. 2018లో కేరళలో ఫార్మలిన్ చేపల లారీలు పట్టుబడినప్పుడు చెక్‌పోస్టుల దగ్గర ఈ పట్టీలనే వాడారు. అదే ఏడాది అస్సాం ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపను కొన్నాళ్లు ఆపేసింది. దారిలో ఎవరో చేసిన పాడుపనికి దెబ్బ తిన్నవాళ్లలో నిజాయితీగా ఐసు పెట్టి పంపిన మన చెరువు రైతులూ ఉన్నారు.

కడిగితే పైన అంటినది కొంత పోతుంది. కండలో కుట్టుకుపోయినది కడిగినా, పులుసులో ఉడికించినా పూర్తిగా పోదు. ఆహారంలో ఫార్మలిన్ కలపడానికి మన చట్టం ఏ మోతాదులోనూ ఒప్పుకోదు. చేప నిలవకు మన ఎండల్లో సరైన దారి ఐసే. కిలో చేపకు కిలో పొడి ఐసు, పొరల మధ్య పొరగా పెట్టాలి, కరిగిన నీరు కిందికి జారిపోయేలా పెట్టెకు చిల్లులు ఉండాలి.

ప్రశ్న: ఫార్మాల్డిహైడ్ ఫ్యాక్టరీల్లోనే పుడుతుందా? ప్రకృతిలో ఉంటే మరి దాన్ని విషం అని ఎందుకు అంటారు?
– ఇంటర్ విద్యార్థి, మండపేట

జవాబు: మీ ఊరి వరిచేలు కూడా దానికి ముడిసరుకు పంపుతున్నాయి. నీరు నిలిచిన చేలో, గాలి అందని బురదలో సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. ఊడ్చిన చేలో కాలు దిగేస్తే బుడబుడమని పైకొచ్చే బుడగల్లో ఉండేది ఎక్కువగా అదే. ఆ మీథేన్ గాలిలో పదేళ్ల దాకా తిరుగుతుంది. చివరకు ఎండ పుట్టించే హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన కణం చేతికి చిక్కి మెట్టు మెట్టుగా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ మెట్లలో ఒకటి ఫార్మాల్డిహైడ్. అది మాత్రం పగటి ఎండలో కొన్ని గంటలకు మించి నిలవదు. చెట్లు వదిలే ఐసోప్రీన్ అనే వాయువు నుంచి కూడా ఇలాగే పుడుతుంది, అదైతే గంటల్లోనే. కట్టెలు, వరిగడ్డి, కొబ్బరి డొక్కలు కాల్చినప్పుడు పొగలోనే నేరుగా వస్తుంది. పొయ్యి దగ్గర కళ్ల నీళ్లు కారడానికి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి ఆల్డిహైడ్లది పెద్ద వంతు. భూమి దాకా ఎందుకు, 1969లో రేడియో టెలిస్కోపుతో నక్షత్రాల మధ్య మేఘాల్లోనే దీన్ని కనిపెట్టారు.

తినేవాటిలోనూ ఉంది. కిలో యాపిల్ పండ్లలో 6 నుంచి 22 మిల్లీగ్రాములు, టమాటాల్లో 6 నుంచి 13, బేరిపండ్లలో 40 నుంచి 60 దాకా కొలిచారు. మన రక్తంలో లీటరుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు ఎప్పుడూ ఉంటుంది. కణాలు కొన్ని అమైనో ఆమ్లాలను తయారుచేసేటప్పుడూ విరిచేటప్పుడూ పుట్టేది అది. పుట్టినది పుట్టినట్టే ఎంజైములు దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. రక్తంలో చేరినదానిలో సగం ఒకటి, ఒకటిన్నర నిమిషంలో మాయమవుతుంది.

మరి విషం ఎందుకంటే, ఆ ఎంజైములు కాచుకుని ఉన్న దారి వేరు, అది వచ్చి తగిలే దారి వేరు. గాలితో వచ్చినప్పుడు ముక్కు లోపలి పల్చటి పొర మీదే అంతా పడుతుంది. ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో పీల్చే పనివాళ్లలో ముక్కు వెనక గొంతుభాగానికి వచ్చే క్యాన్సర్‌ను ఆధారంగా చేసుకుని 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది. అందుచేత బేరిపండును చూసి భయపడొద్దు, మూసిన గదిలో కళ్లు మండితే ఊరుకోవద్దు.

ప్రశ్న: రెండు నెలల కిందట కొత్త ఇంట్లో ప్లైవుడ్ కబోర్డులు, ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలక) తలుపులతో వంటగది చేయించాం. పడకగదిలో ఏసీ వేసి పడుకుంటే పొద్దున్నకి కళ్లు మండుతున్నాయి, గొంతు గరగరలాడుతోంది. ఊరికి వెళితే తగ్గిపోతోంది. గదిలో మొక్కలు పెట్టమంటున్నారు.
– ఉద్యోగి, భీమవరం

జవాబు: ఊరికి వెళితే తగ్గడం, వచ్చి పడుకుంటే తిరగబెట్టడం చూస్తే చెక్కే కారణమని గట్టిగా అనుమానించాలి. మామూలు ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్‌లలో పొరలనూ పొట్టునూ పట్టి ఉంచేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. ఇది చవక, తొందరగా ఆరుతుంది, తేమకు మాత్రం తాళదు. గాలిలోని తేమ దాని అతుకులను విడగొడుతుంటే ఫార్మాల్డిహైడ్ వాయువు కొద్దికొద్దిగా బయటికొస్తుంది. తేమ, వేడి రెండూ కలిసిన మన డెల్టాలో అది ఇంకా ఎక్కువ. మొదటి కొన్ని నెలలు బాగా వస్తుంది, తర్వాత తగ్గుతుంది గానీ వానాకాలంలో మళ్లీ తలెత్తుతుంది.

ముందు ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి. పైకి కనిపించే లామినేట్‌లోంచి పెద్దగా రాదు. సొరుగును పూర్తిగా బయటికి లాగి అడుగు చెక్క చూడండి, బీరువా వెనక పలకను చూడండి. అక్కడ లామినేట్ వేయకుండా వదిలేయడం మామూలే. తలుపు తీసి కీలు బిగించిన గుండ్రటి గుంటలో వేలు పెట్టండి, పొట్టు పొట్టుగా తగిలితే అది పచ్చి ఎండీఎఫ్. గ్యాస్ పైపుకీ కరెంటు వైరుకీ కోసిన కన్నాలు, సింకు కింద కోసిన అంచులు, మేకులు దిగిన చోట్లు అన్నీ ఇంతే. పలక మొహం కన్నా కోసిన అంచులోంచి చాలా ఎక్కువ వస్తుంది. వడ్రంగిని పిలిచి అంచులన్నిటికీ పీవీసీ ఎడ్జ్ బ్యాండు అంటించమనండి. బ్యాండు పట్టని కన్నాలకూ వెనక పలకకూ పీయూ (పాలియురెథేన్ వార్నిష్) గానీ షెల్లాక్ (లక్క వార్నిష్) గానీ రెండు మూడు పూతలు, ఒకటి ఆరాక ఒకటి వేయించండి. ఒక్క పూత చెక్క పీల్చేసుకుంటుంది, అడ్డు నిలవదు.

గాలి రెండో పని. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది, బయటి గాలిని తేదు. పడుకునే ముందు గంటసేపు ఎదురెదురు కిటికీలు, కబోర్డు తలుపులు బార్లా తీసి ఫ్యాను వేయండి. బాత్‌రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే రాత్రంతా తిరగనిచ్చి, పడకగది కిటికీ రెండు వేళ్ల మేర తెరిచి ఉంచండి. పగలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు గది మూసి పెడితే ఎండ వేడికి లోపల వాయువు పేరుకుంటుంది, రాగానే అందులోనే పడుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఘనమీటరు గాలికి 0.1 మిల్లీగ్రాము, అరగంట సగటు మీద. ఆన్‌లైన్‌లో దొరికే చవక మీటర్లలో చాలావాటికి సెంటుకీ శానిటైజర్‌కీ ఫార్మాల్డిహైడ్‌కీ తేడా తెలియదు, ఆ అంకె చూసి బెంబేలు పడకండి.

మొక్కల మాట: మొక్కలు ఈ వాయువును తగ్గిస్తాయని చూపిన 1989 నాటి నాసా ప్రయోగం మూసిన చిన్న పెట్టెల్లో చేసింది. ఇంట్లో ఆ ఫలితం రావాలంటే మనిషి నిలబడే చోటు లేకుండా కుండీలు పెట్టాలి. పెంచుకోండి, కంటికి బాగుంటాయి. కిటికీ చేసే పని అవి చేయలేవు. దుమ్ము పట్టే హెపా ఫిల్టరు కూడా వాయువును ఆపదు.

ఇకముందు కొనేటప్పుడు పలక మీద ముద్ర చదవండి. ఐఎస్ 303 అనే భారత ప్రమాణం కింద ఎంఆర్ (తేమను కొంత తట్టుకునేది) అని ఉంటే యూరియా జిగురు. బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునేది) అని గానీ, ఐఎస్ 710 కింద మెరైన్ అని గానీ ఉంటే ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు. పేరులో ఫార్మాల్డిహైడ్ ఉన్నా దాని అతుకు గట్టిది, తేమకు విడదు, వదిలే వాయువు చాలా తక్కువ. అంచు చూస్తే ముదురు ఎరుపు, గోధుమ గీతలు కనిపిస్తాయి. ఎండీఎఫ్ తప్పదనుకుంటే ఈ1 లేదా ఈ0 (వాయువు తక్కువ వదిలే రకం గుర్తులు) అని రాసి ఉన్నదే అడగండి. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో ఈ ఖర్చుకు వెనకాడొద్దు.

ప్రశ్న: రాత్రంతా దోమల చుట్ట వెలిగిస్తాం. దాని పొగలో కూడా ఇది ఉంటుందా?
– పాఠకుడు, రాజోలు

జవాబు: ఉంటుంది. చుట్టలో మందు కన్నా నిదానంగా కాలే రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి లాంటివే ఎక్కువ. మంట లేకుండా కాలే దేనికైనా పొగలో ఆల్డిహైడ్లు ఎక్కువ. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే ఫార్మాల్డిహైడ్ 51 సిగరెట్లకు సమానం దాకా ఉండొచ్చని తేలింది. ఆరుబయట అరుగు మీద వేరు, తలుపులు మూసిన గదిలో మంచం కింద వేరు. పడుకునే చోట దోమతెర కట్టండి. చుట్ట వెలిగించక తప్పకపోతే సాయంత్రం గదిలో ఎవరూ లేనప్పుడు వెలిగించి, ఆర్పి, తలుపులు తీసి గాలి తిరిగాకే పిల్లల్ని పడుకోబెట్టండి.

ప్రశ్న: మెలమైన్ ప్లేట్లలో వేడి చేపల పులుసు వడ్డించవచ్చా?
– గృహిణి, నరసాపురం

జవాబు: వడ్డించకపోవడమే మంచిది. మెలమైన్ ప్లేటు అంటే మెలమైన్, ఫార్మాల్డిహైడ్ కలిపి అచ్చులో వేడితో గట్టిపరచిన పలక. చల్లటివాటికీ పొడివాటికీ ఏ ఇబ్బందీ లేదు. 70 డిగ్రీలు దాటిన వేడి, పులుపు రెండూ కలిస్తే పలక పైపొర విడిపోయి మెలమైన్, ఫార్మాల్డిహైడ్ రెండూ ఆహారంలోకి దిగుతాయి. పొయ్యి మీంచి దించిన పులుసు, చారు, నిమ్మకాయ పిండిన వేడి పులిహోర ఆ కోవలోవే. మైక్రోవేవ్‌లో అసలు పెట్టొద్దు. నునుపు పోయి మసకబారినవి, గీతలు పడినవి, పసుపు మరక పోనివి తీసేయండి, పైపొర లేచిపోయిందని ఆ మరకే చెబుతుంది. మరీ చవకగా దొరికే ప్లేట్లలో లోపల యూరియా జిగురు పోసి పైన మాత్రమే మెలమైన్ పూత వేసినవి ఉంటాయి, అవి ఇంకా ఎక్కువ వదులుతాయి. ‘వెదురు కప్పులు’ అని అమ్మేవాటిలో చాలావరకు వెదురు పొడిని ఇదే జిగురుతో అచ్చుపోసినవే, వేడి టీకి పనికిరావు. పులుసుకు స్టీలు, పింగాణీ ఉండనే ఉన్నాయి.

ప్రశ్న: కొత్త బట్టలు ఉతక్కుండా పిల్లలకు తొడగొద్దంటారు. ఇందుకేనా?
– పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఇది కూడా ఒక కారణం. ‘ముడత పడదు, ఇస్త్రీ అక్కర్లేదు’ అని అమ్మే నూలు చొక్కాలకు, ప్యాంట్లకు, దుప్పట్లకు పట్టించే రెసిన్‌లోంచి ఫార్మాల్డిహైడ్ కొంత వదులుగా మిగిలిపోతుంది. మెడ, చంక, నడుం దగ్గర చెమట పట్టినచోట దురద, దద్దు వస్తాయి. ఓకో-టెక్స్ అనే అంతర్జాతీయ బట్టల ప్రమాణంలో పసిపిల్లల బట్టలకు కిలోకు 16 మిల్లీగ్రాములు, పెద్దవాళ్ల ఒంటికి తగిలే బట్టలకు 75 హద్దు. ఒకటి రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేస్తే వదులుగా ఉన్నది చాలావరకు పోతుంది. బండారులంక నేత చీరల బిరుసు సంగతి వేరు, అది గంజి. దానికి ఈ భయం లేదు.

ప్రశ్న: పార్లర్‌లో జుట్టు సాఫుగా నిలవడానికి కెరటిన్ ట్రీట్‌మెంట్ చేస్తాను. సీసా మీద ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అని ఉంది. అయినా ఇస్త్రీ పెట్టేటప్పుడు నాకు దగ్గు ఆగదు.
– బ్యూటీషియన్, కాకినాడ

జవాబు: సీసా వెనక పదార్థాల పట్టికలో మెథిలీన్ గ్లైకాల్ అని ఉందేమో చూడండి. ఫార్మాల్డిహైడ్ నీటిలో కరిగితే అయ్యేది అదే. పేరు మారింది, వస్తువు మారలేదు. 200 డిగ్రీలు దాటిన ఇస్త్రీ పట్టె తగలగానే నీరు ఆవిరై వాయువు నేరుగా మీ మొహానికి కొడుతుంది. వచ్చినామె మూడు నెలలకోసారి పీలుస్తుంది, మీరు రోజూ పీలుస్తున్నారు. గుడ్డ మాస్కు, ఎన్95 దుమ్మును ఆపుతాయి గానీ వాయువును ఆపవు. ఏసీ గది వదిలేసి, బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యానును కుర్చీ ఎత్తులోనే బిగించి, గాలి మీ వెనకనుంచి జుట్టు మీదుగా బయటికి పోయేలా కూర్చోబెట్టండి. అలా చేసినా దగ్గు వస్తే ఆ సరుకు మానేయడమే దారి. మీ ఊపిరి కన్నా ఆ బేరం ఎక్కువ కాదు.

షాంపూలు, లోషన్లలో వేరే పేర్లు కనిపిస్తాయి: డీఎండీఎం హైడాన్‌టోయిన్, ఇమిడజోలిడినైల్ యూరియా, క్వాటర్నియం-15. ఇవి సరుకు పాడవకుండా ఉండటానికి కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్ వదిలే నిలవ మందులు. కడిగేసుకునే షాంపూతో చాలామందికి ఏమీ కాదు. ఒకసారి ఎలర్జీ పట్టుకున్నవాళ్లకు మాత్రం చుక్క కూడా ఎక్కువే.

ప్రశ్న: ఎకరం చెరువు, నాలుగడుగుల నీరు. మొప్పల మీద పురుగు ఉందని పొద్దున్నే వంద లీటర్ల ఫార్మలిన్ కొట్టించాం. మర్నాడు తెల్లవారుజామున చేప తేలిపోయింది. సరుకు మంచిదే. తప్పెక్కడ?
– చేపల రైతు, ఆకివీడు

జవాబు: ముందు లెక్క చూద్దాం. ఎకరం మీద అడుగు నీరంటే 1,233 ఘనమీటర్లు. నాలుగడుగులకు సుమారు 4,930. ఘనమీటరుకు ఒక మిల్లీలీటరు పోస్తే ఒక పీపీఎం. 15 పీపీఎంకు 74 లీటర్లు చాలు. మీరు పోసింది 20 పీపీఎం పైన పడింది. పుస్తకాల్లో 25 దాకా ఉంది కదా అంటారేమో, అది చల్లటి నీటికి. మన వేసవి నీటిలో 15 దాటొద్దు.

అసలు దెబ్బ ఆక్సిజన్ దగ్గర తగిలింది. ప్రతి 5 పీపీఎం ఫార్మలిన్ నీటిలోంచి లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌ను తినేస్తుంది. 20 పీపీఎంకు 4 మిల్లీగ్రాములు పోతుంది. మీ చెరువులో తెల్లవారుజామున డీఓ (లీటరు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, మిల్లీగ్రాముల్లో) 4 ఉందనుకుంటే ఇక మిగిలింది ఏముంది? పైగా ఫార్మలిన్ ప్లాంక్టన్‌ను (నీటికి ఆకుపచ్చ రంగిచ్చే సూక్ష్మ నాచును) కూడా చంపుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చేది అదే, చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ లాగేసేదీ అదే. అందుకే పోసిన రోజు బాగానే ఉండి మర్నాడో మూడోనాడో చేప తేలుతుంది. నీరు ముదురు ఆకుపచ్చగా ఉన్న చెరువులో ఫార్మలిన్ వైపే వెళ్లొద్దు.

పోయాల్సి వస్తే మేత ఆ పూట ఆపండి. గట్టు దగ్గర కాకుండా నాలుగైదు చోట్ల కర్ర దింపి లోతు సగటు తీయండి. ఎండ బాగా వచ్చాక, డీఓ 5 పైన ఉందని చూసుకుని, డబ్బా మందును పదింతల నీళ్లలో కలిపి పడవ మీద చెరువంతా సమంగా చల్లించండి. ఒకచోట గుమ్మరిస్తే అక్కడి చేపకు మొప్పలు కాలిపోతాయి. ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) అప్పటి నుంచి రెండు రాత్రులు ఆగకూడదు. డబ్బా అడుగున తెల్లటి పొడి పేరుకుంటే ఆ మందు వాడొద్దు, అది పారాఫార్మాల్డిహైడ్, చేపకు మామూలు ఫార్మలిన్ కన్నా ప్రమాదం. పొటాషియం పర్మాంగనేట్‌తో కలిపి ఎప్పుడూ పోయొద్దు. ఆ నీటిని మూడు నాలుగు రోజులదాకా డ్రెయిన్‌లోకి వదలొద్దు, పట్టుబడి దగ్గరలో ఉంటే అసలు మందే వద్దు.

ప్రశ్న: క్రిములు చావడానికి గుడ్ల గదికి ఫార్మలిన్ పొగ పెడతాం. ఒక్కోసారి బాగా లేస్తుంది, ఒక్కోసారి గిన్నెలో నీళ్లలా మిగిలిపోతుంది. కొలతలు చెప్పండి.
– హేచరీ పనివారు, తణుకు

జవాబు: వంద ఘనపుటడుగులకు 40 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 20 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్. దీన్నే 1ఎక్స్ అంటారు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు గది 800 ఘనపుటడుగులు. పొదగబెట్టబోయే గుడ్లకు 3ఎక్స్, దానికి మూడింతలు కట్టాలి, అంటే 960 మిల్లీలీటర్లు, 480 గ్రాములు. 20 నిమిషాలు చాలు. గది వెచ్చగా, 24 డిగ్రీలకు తగ్గకుండా, తేమ 70 శాతం దగ్గర ఉండాలి. పొడిగదిలో పొగ పనిచేయదు. సెట్టర్లో (గుడ్లు పొదిగే యంత్రంలో) పెట్టి 24 నుంచి 96 గంటల మధ్య ఉన్న గుడ్లకు ఎట్టి పరిస్థితిలోనూ పొగ పెట్టొద్దు, పిండం చచ్చిపోతుంది.

మట్టికుండ గానీ ఎనామిల్ గిన్నె గానీ వాడండి, ప్లాస్టిక్, గాజు వద్దు. గిన్నె లోతుగా, పోసే మందుకు పదింతలు పట్టేంత ఉండాలి, ఎందుకంటే క్షణాల్లో నురగతో పొంగి సలసలా కాగుతుంది. పర్మాంగనేట్ ముందు గిన్నెలో వేసి, దాని మీద ఫార్మలిన్ ఒక్కసారిగా పోసి బయటికి వచ్చేయాలి. ఫార్మలిన్‌లో పర్మాంగనేట్ వేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. గిన్నెలు రెండు మూడు ఉంటే తలుపుకు దూరంగా ఉన్నదానితో మొదలుపెట్టి తలుపు వైపు రండి. దగ్గర్లో నిప్పు, హీటరు ఉండకూడదు. ఫార్మాల్డిహైడ్‌కు పనికొచ్చే క్యాట్రిడ్జి మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు తప్పనిసరి. తడిగుడ్డ మూతికి కట్టుకోవడం రక్షణ కాదు.

అయిపోయాక గిన్నె చూస్తే తప్పెక్కడో తెలుస్తుంది. పొడిగా గోధుమరంగు పొడి మిగిలితే పాళ్లు కుదిరినట్టు. తడిగా నీళ్లలా మిగిలితే పర్మాంగనేట్ చాలలేదు, లేదా అది పాతబడి తేమ పట్టింది. ఊదారంగు ఇంకా కనిపిస్తే పర్మాంగనేట్ ఎక్కువైంది, లేదా ఫార్మలిన్ పలచబడింది. మీకు నీళ్లు మిగిలిన రోజున తూకం చూశారో, చెంచాలతో వేశారో గుర్తు చేసుకోండి. తలుపు తీసే ముందు బయటినుంచే ఎగ్జాస్ట్ వేయండి. ఘాటు పోకపోతే అమ్మోనియా ద్రావణాన్ని, వాడిన ఫార్మలిన్‌లో సగానికి మించకుండా, నేల మీద చల్లితే విరుగుతుంది. కంట్లో చుక్క పడితే ఇంకేమీ చూడకుండా ధారగా నీళ్లతో 15 నిమిషాలు కడిగి అప్పుడు ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: బాబుకు వేయించే టీకాలో ఫార్మాల్డిహైడ్ ఉందని వాట్సాప్‌లో వచ్చింది. వేయించాలా వద్దా?
– ఒక తల్లి, ముమ్మిడివరం

జవాబు: వేయించండి. ధనుర్వాతం, కంఠసర్పి టీకాల్లో వాడేది ఆ క్రిముల విషాన్నే. దాన్ని ఫార్మాల్డిహైడ్‌తో నిర్వీర్యం చేసి, ఒంటికి హాని చేయకుండా గుర్తు మాత్రం ఉండేలా మారుస్తారు. 1920లలో ఫ్రాన్స్‌లో గాస్టన్ రామోన్ కనిపెట్టిన పద్ధతి ఇది. పోలియో ఇంజెక్షన్ టీకాలో వైరస్‌ను చంపేదీ ఇదే. తర్వాత శుద్ధి చేస్తారు, మిగిలేది డోసుకు 0.1 మిల్లీగ్రాము లోపు. రెండు నెలల పసివాడి రక్తంలో ఎప్పుడూ తిరుగుతూ ఉండేది సుమారు 1.1 మిల్లీగ్రాములు, అంటే దానికి పదింతల పైన. టీకా తారీఖు దాటిపోయి ఉంటే రేపే ఏఎన్ఎం గారిని అడిగి వేయించండి.